ఒక్క ‘కి’ తెచ్చిన తంటా

మా అమ్మ రెండు రోజులు అన్నం మానేసింది. కారణం చెబితే మీకు నవ్వొస్తుంది. తర్వాత నాకూ నవ్వొచ్చింది గాని, ఆ రెండు రోజులూ మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

అమ్మకి పక్షవాతం వచ్చి అప్పటికి నాలుగు నెలలయింది. కుడి చెయ్యి, కుడి కాలు మెల్లమెల్లగా స్వాధీనంలోకి వస్తున్నాయి. గోడ పట్టుకుని వసారా దాకా వచ్చి కూర్చునేది. మాటే సరిగా రాలేదు. బొత్తిగా రాలేదని కాదు. “కాఫీ”, “మందు”, “తలుపు” — ఇట్లా ఒక్కొక్క మాట వెతుక్కుని వెతుక్కుని తెచ్చేది. మేము చెప్పేది మాత్రం అంతా తెలుస్తోందనే అనుకున్నాం. “మందు వేసుకో అమ్మా” అంటే వేసుకునేది. “కిటికీ వెయ్యనా?” అంటే తల ఊపేది. పరామర్శకు వచ్చిన వాళ్ళందరికీ నేను ఒకటే పాఠం అప్పచెప్పేదాన్ని: “మాట రాదు గాని, అన్నీ అర్థమవుతాయండీ.”

మా చెల్లెలు బుజ్జికి అప్పుడు ఏడో నెల. అత్తవారింట్లో ఉంది. ఒకనాడు పొద్దున్నే ఫోను చేసి తన క్షేమం చెప్పింది. నేను సంతోషం పట్టలేక వెళ్ళి అమ్మ పక్కన కూర్చుని, “అమ్మా, బుజ్జికి వాళ్ళత్తగారు రోజూ వేణ్ణీళ్ళు కాచి తోడి ఇస్తోందట!” అన్నాను.

అమ్మ మొహం నల్లబడిపోయింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. “బుజ్జి... నీళ్ళు... అయ్యో!” అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడూ అంతే. బుజ్జిమీద బెంగ అనుకున్నాను నేను. మందు పడలేదేమో అన్నారు మావారు. దిష్టి తగిలిందంది పక్కింటి పిన్నిగారు.

మూడోనాడు అమ్మకి మాటలు నేర్పే అమ్మాయి వచ్చింది. స్పీచ్ థెరపిస్టు అంటారు గదా, ఆ చదువు చదువుకున్న పిల్ల. సంగతంతా విని, “అమ్మగారితో మీరు ఏమన్నారో ఒక్క అక్షరం పోకుండా చెప్పండి” అంది. చెప్పాను. కాసేపు ఆలోచించి, సంచీలోంచి బొమ్మల అట్టలు తీసి అమ్మ ముందు రెండు పెట్టింది. ఒకదానిలో కుక్క పిల్లిని తరుముతోంది. రెండోదానిలో పిల్లి కుక్కని తరుముతోంది.

“పిల్లిని కుక్క తరుముతోంది. ఏదమ్మా ఆ బొమ్మ?” అంది. అమ్మ మొదటిది చూపించింది. నేను గర్వంగా చూశాను.

“కుక్కని పిల్లి తరుముతోంది. ఏదమ్మా?” అమ్మ మళ్ళీ మొదటిదే చూపించింది.

తర్వాత ఇద్దరు ఆడపిల్లల బొమ్మలు పెట్టి, “అక్కని చెల్లెలు పిలుస్తోంది” అంది. అమ్మ ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసి, బిక్కమొహం పెట్టి ఏదో ఒకదానిమీద వేలు పెట్టింది.

“చూశారా?” అంది ఆ అమ్మాయి నన్ను వరండాలోకి తీసుకువెళ్ళి. “అమ్మగారికి మాటలు తెలుస్తున్నాయి. ఆ మాటలు ఒకదానితో ఒకటి ఎట్లా కూడుకున్నాయో తెలియటం లేదు. మీరు చెప్పినదాంట్లో ఆవిడకి బుజ్జి అందింది, అత్తగారు అందింది, వేణ్ణీళ్ళు అందాయి. ‘కి’ అందలేదు. అది చెవిదాకా వచ్చింది గాని లోపల దాని పని అది చేయలేదు. ఇహ ఆ మూడు మాటలనూ ఆవిడ లోకజ్ఞానంతో కలుపుకున్నారు. కోడలూ, అత్తగారూ, వేణ్ణీళ్ళూ అంటే లోకంలో ఎవరు ఎవరికి కాచి ఇస్తారు?”

నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఏడో నెల కూతురిచేత అత్తగారు రోజూ వేణ్ణీళ్ళు మోయిస్తోందని నేనే స్వయంగా వెళ్ళి, నవ్వు మొహంతో అమ్మకి చెప్పి వచ్చానన్నమాట!

ఆనాటినుంచి ఈ సంగతేమిటో తెలుసుకోవాలని నాకు పట్టుదల పట్టుకుంది. మా పెద్దవాడు కాలేజీనుంచి తెచ్చిపెట్టినవి చదివాను. తెలియనివి ఆ అమ్మాయిని అడిగాను. నేను తెలుసుకున్నదాంట్లో మనబోటి సంసారులకి పనికివచ్చేది నాలుగు ముక్కల్లో చెబుతాను.

మాట వేరు, మాటల కూడిక వేరు. కూడిక అంటే లెక్కల్లో లాగా ఒకటీ ఒకటీ రెండు కాదు. ‘పెద్ద చీమ’ అంటాం, ‘చిన్న ఏనుగు’ అంటాం. ఆ పెద్దది ఈ చిన్నదాని కాలి గోటికైనా చాలదు. అయినా మనం ఎవరం తికమక పడం. పక్కమాటను బట్టి ‘పెద్ద’ ఎంత పెద్దో లోపల ఎవరో కొలిచి పెడుతున్నారు. ‘పాలగిన్నె’ అంటే కడగవలసిన వస్తువు. ‘గిన్నెడు పాలు’ అంటే తాగవలసిన వస్తువు. మాటలు అవే, కూడిక వేరు.

మన తెలుగులో మరో విశేషం ఉంది. “అన్నయ్య తమ్ముణ్ణి పిలిచాడు” అనవచ్చు, “తమ్ముణ్ణి అన్నయ్య పిలిచాడు” అనవచ్చు. మాటలు చోటు మారినా అర్థం మారదు. ఇంగ్లీషులో చోటు మారితే కొంప మునుగుతుంది. అక్కడ మాట ఉన్న చోటు చేసే పనిని ఇక్కడ చాలావరకు ని, కి, తో, చేత అనే చిన్న చిన్న తోకలు చేస్తాయి. పైగా మన క్రియ చివరిదాకా రాదు. అది వచ్చేవరకూ ముందు వచ్చిన మాటలన్నిటినీ, తోకలతో సహా, మెదడు చేత్తో పట్టుకుని నిలబడాలి. ఇంత చాకిరీ జరుగుతున్నట్టు మనకి తెలియనైనా తెలియదు. మా అమ్మకి అది తప్పిపోయినప్పుడే నాకు తెలిసింది.

ఇటువంటి జబ్బును గురించి వైద్యులు చాలాకాలంనుంచి ఆలోచిస్తున్నారు. 1861లో పారిస్ నగరంలో పాల్ బ్రోకా అనే డాక్టరుగారి దగ్గరకు ఒక రోగి వచ్చాడు. ఏమడిగినా “టాన్, టాన్” అనేవాడు. ఎదుటివాళ్ళు చెప్పింది మాత్రం గ్రహించేవాడు. అతను చనిపోయాక మెదడు పరీక్షించి చూస్తే, ఎడమవైపు ముందుభాగం కింద దెబ్బతిని ఉంది. 1874లో కార్ల్ వెర్నికే అనే జర్మన్ వైద్యుడు దీనికి విరుద్ధమైన రోగుల్ని గురించి రాశాడు. వీళ్ళ మాటలు ధారాళంగా వస్తాయి, కాని వాటిలో అర్థం ఉండదు. ఎదుటివాళ్ళ మాట బోధపడదు. వీళ్ళకి దెబ్బ తగిలింది ఇంకా వెనకగా, ఎడమ చెవి వైపున. దాంతో ముందు భాగం మాట్లాడటానికీ, వెనక భాగం అర్థం చేసుకోవటానికీ అని వైద్యులు ఇంచుమించు వంద ఏళ్ళు అనుకున్నారు. నేను పరామర్శకు వచ్చినవాళ్ళకి చెప్పిన మాటా అదే గదా!

1976లో అమెరికాలో కారమాజా, జూరిఫ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ నమ్మకానికి గండి కొట్టారు. మాట రాదు గాని అన్నీ తెలుస్తాయని పేరుపడ్డ రోగులకు బొమ్మలు చూపించి వాక్యాలు వినిపించారు. ‘పిల్లవాడు తింటున్న పండు ఎర్రగా ఉంది’ వంటి వాక్యం చెబితే సరైన బొమ్మ చూపించారు. పండు పిల్లవాణ్ణి తినదు గదా! ‘పిల్లవాడు తరుముతున్న ఆడపిల్ల పొడుగ్గా ఉంది’ వంటిది చెబితే బొమ్మా బొరుసూ వేసినట్టయింది. ఎవరు ఎవర్నయినా తరమవచ్చు. అక్కడ లోకజ్ఞానం సాయం రాదు, కూడిక ఒక్కటే దిక్కు. ఆ కూడికే వాళ్ళకి చిక్కలేదు. మా వసారాలో కుక్కా పిల్లీ బొమ్మలతో జరిగిన పరీక్షకు మూలం ఇదీ.

ఇది జబ్బుపడ్డవాళ్ళ సంగతి. ఆరోగ్యంగా ఉన్న మనిషి తలలో ఈ కూడిక ఎట్లా జరుగుతుందో చూడటం ఎట్లా? 1924లో హాన్స్ బెర్గర్ అనే జర్మన్ వైద్యుడు తలమీద తీగలు అమర్చి మెదడులోని సన్నని విద్యుత్తు అలల్ని కాగితంమీద గీయించాడు. ఆ ఉపాయంతోనే 1980లో కాలిఫోర్నియాలో మార్తా కుటాస్, స్టీవెన్ హిల్యార్డ్ అనేవారు ఒక తమాషా చేశారు. వాక్యాన్ని మాట తరవాత మాటగా తెరమీద చూపించి, చివర పొసగని మాట పెట్టారు. రొట్టెమీద వెన్న రాశాడనవలసిన చోట మేజోళ్ళు రాశాడన్నారు. మన ఇళ్ళలో అయితే, “ఇడ్లీ చెప్పులో నంజుకుని తిన్నాను” అన్నట్టు. ఆ మాట కనబడిన తరవాత సెకండులో పదింట నాలుగు వంతులయేసరికి మెదడులో ఒక పెద్ద అల లేచింది. ‘ఇదేమిటి, ఇది ఇక్కడ కలవదే!’ అని లోపల ఎవరో ఉలిక్కిపడ్డట్టు. మాట పొసిగినప్పుడు అదే అల చిన్నగా ఉంటుంది.

వ్యాకరణం తప్పితే కనబడే అల వేరు. దాన్ని 1992, 93 ప్రాంతాల్లో కనిపెట్టారు. “వాడు వచ్చింది” అంటే మనకి చెవిలో గులకరాయి పడ్డట్టుంటుంది చూశారూ, అటువంటి తప్పులకి ఆ అల మరికాస్త ఆలస్యంగా, పదింట ఆరు వంతుల దగ్గర లేస్తుంది.

మరి అమ్మ చేసినట్టు లోకజ్ఞానంతో మాటలు కలుపుకోవటం జబ్బు లక్షణమేనా? కాదు. మనమందరం క్షణక్షణం చేసే పనే అది. హాలండు దేశంలో రైలుబండ్లు పసుపుపచ్చగా ఉంటాయి. అక్కడివాళ్ళందరికీ అది తెలుసు. 2004లో పీటర్ హాగూర్ట్ బృందం ఆ దేశస్థులకి మూడు రకాల వాక్యాలు చదవనిచ్చింది. మా రైళ్ళు పసుపుపచ్చన అని ఒకటి. మా రైళ్ళు తెల్లన అని ఒకటి. మా రైళ్ళు పుల్లన అని ఒకటి. తెల్ల రైలు అబద్ధమే గాని అర్థం ఉన్న మాట. పుల్ల రైలుకి అసలు అర్థమే లేదు. ముందు మాటల అర్థం తేల్చుకుని, తర్వాత నిజమో అబద్ధమో చూస్తుంది మెదడు అనుకుంటే, తెల్ల రైలుకి ఆలస్యంగా ఉలిక్కిపడాలి. కాని రెండింటికీ ఒకే సమయానికి ఉలిక్కిపడింది. నిఘంటువు ఒక గదిలో, లోకజ్ఞానం ఇంకో గదిలో దాచుకుని మనం వాక్యం వినటం లేదన్నమాట. రెంటినీ ఒకే రోట్లో వేసి రుబ్బుతున్నాం.

ఆ లోకజ్ఞానమైనా రాతిమీద చెక్కినది కాదు. 2006లో హాలండులోనే నియూలాండ్, వాన్ బెర్కుమ్ అనే ఇద్దరు ఒక చిన్న కథ వినిపించారు. అందులో ఒక వేరుశెనగ గింజ నవ్వుతూ గంతులేస్తూ, తను చూసిన పిల్లని గురించి పాట పాడుతుంది. కథ కొంత సాగాక ‘వేరుశెనగ గింజ ప్రేమలో పడింది’ అంటే విన్నవాళ్ళ మెదడు నిమ్మళంగా ఉంది. ‘వేరుశెనగ గింజకి ఉప్పు పట్టించి ఉంది’ అనేసరికి ఉలిక్కిపడింది! నాలుగు వాక్యాల కథ చాలు, ఉప్పు శెనగలు వింతయిపోయి, ప్రేమించే శెనగలు సహజమైపోయాయి. ప్రతివారం సీరియలు కోసం కాచుకుని కూర్చునే మనకి ఇందులో ఆశ్చర్యం ఏముంది?

ఇంతకూ ఈ కూడిక ఎంత త్వరగా జరుగుతుంది? 2011లో న్యూయార్కులో బెమిస్, పుల్కానెన్ అనేవారు రెండే మాటలతో చూశారు. ‘ఎర్ర పడవ’ అన్నప్పుడు ఒక కూడిక ఉంది. ‘గ్లాసు, పడవ’ అన్నప్పుడు లేదు, అది కిరాణా జాబితా. ‘ఎర్ర పడవ’కి మాత్రం, సెకండులో నాలుగో వంతైనా గడవకముందే ఎడమ కణత లోపలి భాగం చురుకుగా పనిచేసింది. కన్ను ఒక్కసారి మూసి తెరిచేలోగా ఎరుపూ పడవా ఒకటైపోతున్నాయి.

అదే ఏడు ఫ్రాన్సులో పాలియే, దెవొషెల్, దెహేన్ అనేవారు పన్నెండు మాటలు తీసుకున్నారు. పన్నెండూ విడివిడిగా ఉన్నవి కొన్ని, రెండేసి కూడినవి, మూడేసి, నాలుగేసి, ఆరేసి, చివరికి పన్నెండూ ఒకే వాక్యమైనవి. కూడిక పెద్దదవుతున్నకొద్దీ మెదడు ఎడమవైపున ముందూ వెనకా కొన్ని చోట్ల పని హెచ్చింది. తరవాత అసలు మాటలకు బదులు అర్థంలేని మాటలు పెట్టి, వ్యాకరణపు ముక్కలు మాత్రం సరిగా ఉంచారు. మన భాషలో చెప్పాలంటే, “గిబ్బడు తోలికని జుమికాడు” అన్నట్టు. జుమకటం అంటే ఏమిటో నాకూ తెలియదు, మీకూ తెలియదు. అయినా ఎవరు జుమికాడు? గిబ్బడు. ఎవర్ని? తోలికని. చెప్పగలిగారు గదా! మాటల్లో అర్థం లేకపోయినా, ఆ చోట్లలో కొన్ని అట్లాగే పనిచేశాయి. ఇది చదివినప్పుడు నాకు అమ్మ గుర్తుకువచ్చింది. ఇక్కడ మాటలు పోయి తోకలు మిగిలాయి. అమ్మకి తోకలు పోయి మాటలు మిగిలాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది 2016లో వచ్చింది. నై డింగ్, డేవిడ్ పోపెల్, వారి సహచరులు చైనా భాషలో సెకండుకి నాలుగు అక్షరాల చొప్పున, తూచినట్టు ఒకే దరువుతో వినిపించారు. రెండక్షరాలకి ఒక పదబంధం, నాలుగక్షరాలకి ఒక వాక్యం. ధ్వనిలో మాత్రం ఎక్కడా విరుపు లేదు, ఎత్తూ పల్లం లేదు. ఆ భాష రానివాళ్ళ మెదడు అక్షరాల దరువొక్కటే పట్టుకుంది. వచ్చినవాళ్ళ మెదడు మాత్రం అక్షరానికొకటి, పదబంధానికొకటి, వాక్యానికొకటి, మూడు దరువులు ఒక్కసారిగా వేసింది! ఆ పై రెండు దరువులూ బయట ఎక్కడా లేవు. పాట వింటూ ఎవరూ వెయ్యని తాళం తొడమీద మనమే వేసుకుంటాం చూడండి, వాక్యాన్ని కూడా అట్లా లోపలినుంచి మనమే వేసుకుంటున్నాం.

ఇదంతా చదివాక మా ఇంట్లో పద్ధతి మార్చాం. ఆ అమ్మాయి చెప్పినట్టు, అమ్మతో ఒక వాక్యంలో ఒకే సంగతి చెబుతాం. పని చేసే మనిషిని ముందు చెబుతాం. చేత్తో సైగ చేస్తాం, కావలిస్తే ఫోటో చూపిస్తాం. అమ్మ చెవులు సుబ్బరంగా ఉన్నాయి గనక గట్టిగా అరవం. అవును, కాదు అని జవాబు చెప్పగల ప్రశ్నలు అడుగుతాం. మాట కోసం వెతుక్కుంటుంటే తొందరపడి మేమే అందించం. అన్నిటికంటే ముఖ్యం, తల ఊపితే చాలు, అర్థమయిపోయిందనుకోం. ఆస్తి కాగితాలూ, మందుల మోతాదులూ, మనుషుల మధ్య మాటలూ — ఎవరు ఎవరికి అన్నది ముఖ్యమైనచోట మళ్ళీ ఒకసారి అడిగి చూస్తాం. ఇంట్లో ఇటువంటి పెద్దలున్నవాళ్ళు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే ఎన్నో అపార్థాలు తప్పుతాయి.

ఆనాటి నిరాహారదీక్ష ఎట్లా ముగిసిందో చెప్పలేదు గదూ! బుజ్జికి ఫోను చేసి సంగతి చెప్పాం. అది ఫడాలున నవ్వి, ఫోనులో బొమ్మ కనబడేట్టు పెట్టింది. వాళ్ళత్తగారు పాపం నడుముకి కొంగు బిగించి, వేణ్ణీళ్ళ బాల్చీ మోసుకువస్తూ కనిపించారు. బుజ్జి మంచంమీద కాళ్ళు చాపుకు కూర్చుని ఉంది. అమ్మ ఆ బాల్చీని చూసింది, ఆవిడని చూసింది, బుజ్జిని చూసింది. “ఆవిడ!... నీళ్ళు!... బుజ్జి!” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. మాటలు ఆ మూడే. ఈసారి కూడిక సరిపోయింది. ఆ పూట మామూలు కంటే రెండు ముద్దలు ఎక్కువే తింది.

బుజ్జికి ఆడపిల్ల పుట్టింది. మొన్న పండక్కి పిల్లని తీసుకుని వచ్చింది. దానికిప్పుడు ఏడాదిన్నర. “అమ్మమ్మ, బువ్వ” అంటుంది అది. “పాప, బువ్వ” అంటుంది మా అమ్మ. ఇద్దరికీ విభక్తులు లేవు. అయినా పొద్దస్తమానం కబుర్లే.

నిన్న సాయంత్రం అమ్మ వసారాలోంచి నన్ను కేకేసింది. వెళ్ళాను. పిల్లవైపు చూపించి, కాసేపు వెతుక్కుని, “పాపకి... పాలు” అంది.

‘పాప, పాలు’ అనలేదు. రెండేళ్ళలో అమ్మ నోట ‘కి’ వినటం నాకు అదే మొదలు. నేను పైకి ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి, గ్లాసెడు పాలు వెచ్చబెట్టి తెచ్చి పాపకి ఇచ్చాను.